ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కమిటీలోకి నమ్మకమైనవాళ్లను ఎలా ఎంచుకోవాలి?

నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్‌లలో ఉండే కొందరం కలిసి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో నమోదు చేసే చిన్న ప్రోగ్రాం రాస్తున్నాం. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా మార్పు పంపొచ్చు. దాన్ని చేర్చాలా వద్దా తేల్చేది మాత్రం కమిటీ. మర్రిగూడ వైపు ఒక బోరులో లీటరుకు 3.2 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి. చుక్క జరిగి 0.32 అని పడితే, ఆ నీళ్లు తాగొచ్చని చూపిస్తుంది. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రామే, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు. కమిటీలో ఎవరుండాలన్నది మాకు అంత పెద్ద విషయం.

ముందు కమిటీ పనేంటో ఒక పేజీలో రాసుకోండి: మార్పులు ఒప్పుకోవడం, కొత్త వెర్షన్ బయటికి ఇవ్వడం (రిలీజ్), తగాదా వస్తే తేల్చడం. సభ్యుల సంఖ్య బేసిగా ఉంటే ఓట్లు సమానమై ఆగిపోయే ఇబ్బంది తక్కువ.

తర్వాత కనీసం ఆరు నెలలు మనిషిని గమనించండి. ఎన్ని లైన్లు రాశారన్నది చూడొద్దు, తప్పు జరిగినప్పుడు ఎలా ఉన్నారో చూడండి. మాలో ఒకామె పంపిన మార్పుతో తేదీలన్నీ తారుమారయ్యాయి. ఎవరూ పట్టుకోకముందే, రాత్రి పదింటికి తనే మెసేజ్ పెట్టింది: "అన్నా, తప్పు నాదే. నిన్నటి మార్పు తీసేయండి, తెల్లారేసరికి సరిచేసి పంపుతా." నా ఓటు ఆ రాత్రే ఖాయమైంది. అంతకంటే వేగంగా కోడ్ రాసే ఇంకొకతను, అతని మార్పును పరిశీలిస్తూ (రివ్యూలో) ఒక ప్రశ్న అడిగితే వారం రోజులు మాట్లాడలేదు. అతని కోడ్ తీసుకుంటాం, కమిటీలోకి మాత్రం ఇప్పుడే వద్దనుకున్నాం.

ఎవరైనా తొందరపెడితే అక్కడే ఆగండి. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ సంగతి గుర్తుంచుకోండి. అది ఫైళ్ల సైజు తగ్గించే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. జియా టాన్ అనే పేరుతో వచ్చిన మనిషి రెండేళ్లకు పైగా మంచి మార్పులే పంపాడు. ఆ ప్రాజెక్టును చూసుకునే పాత మెయింటైనర్ అప్పటికే అలసిపోయి ఉన్నాడు. ఇంకొకరికి అప్పజెప్పమని వేరే పేర్లతో ఆయన మీద ఒత్తిడి వచ్చింది. చివరికి ఆ కొత్త మనిషే కోడ్‌లో దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి దొరికింది. అంటే కాలం ఒక్కటే సాక్ష్యం కాదు. అందుకే ఎంత నమ్మినవాళ్లయినా ఒక్కరి చేతిలో రిలీజ్ పెట్టకండి, ఇద్దరు ఒప్పుకోవాలి. వీలైతే ఒకసారి ఎదురుగా కలవండి. మేం క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతూ రెండు గంటలు మాట్లాడుకుంటాం.

పేర్ల మీద చర్చ కమిటీ లోపలే జరగాలి. అపాచీ అనే పెద్ద ఓపెన్ సోర్స్ సంస్థలో ఇలాగే చేస్తారు, ఓటుకు మామూలుగా 72 గంటలు ఇస్తారు. ఓటు అయ్యాకే ఆ మనిషిని అడగండి. ముందే అడిగి కాదంటే మనసు నొచ్చుకుంటుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషను నడిపే కమిటీలో ఐదుగురుంటారు, వాళ్లలో ఒకే కంపెనీవాళ్లు ఇద్దరికి మించకూడదు. మేం అదే లెక్క కాలేజీలకు పెట్టుకున్నాం: ఒకే కాలేజీవాళ్లు ఇద్దరికి మించకూడదు.

గడువు ఏడాది చాలు. డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టు తన లీడర్‌ను ఏటా ఎన్నుకుంటుంది. దిగిపోయేవాళ్ల పాస్‌వర్డ్‌లు, డిజిటల్ కీలు ఆ రోజే మార్చండి, పేరు మాత్రం ప్రాజెక్టు పేజీలో అలాగే ఉంచండి.