క్రిములను చంపే కెమికల్స్ లేని సబ్బు ఎంచుకోవడం ఎలా?

కావలసినవి ఫోన్ కెమెరా, పది నిమిషాల ఓపిక. చత్వారం ఉంటే కళ్లజోడు కూడా.

1. బాత్‌రూమ్‌లోవన్నీ బయటపెట్టండి. సబ్బు, హ్యాండ్‌వాష్, టూత్‌పేస్ట్, స్నానం నీళ్లలో మూతెడు పోసుకునే యాంటీసెప్టిక్ లిక్విడ్, అన్నీ.

2. ముందువైపు రాతలు వదిలేయండి. వేపాకు బొమ్మకీ లోపలి సరుక్కీ సంబంధం ఉండాలని లేదు.

3. ఇప్పుడు వెనకవైపు ‘ఇంగ్రీడియెంట్స్’ చదవాలి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. సబ్బు కాగితంపై ఆ వరుస మడత కిందికి పోతుంది. మడత విప్పి, ఫొటో తీసి, జూమ్ చేయండి. వెతకాల్సిన పేర్లు నాలుగు: ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బాన్ (టీసీసీ అని కూడా వేస్తారు), క్లోరోజైలెనాల్ (పీసీఎంఎక్స్), బెంజాల్కోనియం క్లోరైడ్. ఇంగ్రీడియెంట్స్ వరుసలో మొదటి రెండు పేర్లు చూసి ఆపేయకండి. వీటిని కలిపేది చాలా తక్కువ మోతాదులో కాబట్టి, సాధారణంగా చివర్లో, సెంటు, రంగుల మధ్య ఇరుక్కుని ఉంటాయి.

అలాగని ‘క్లోరైడ్’ కనబడగానే కంగారు పడొద్దు. మా పక్కింటావిడ సోడియం క్లోరైడ్ ఉందని సబ్బు తిరిగిచ్చి వచ్చారు. అది ఉప్పండీ! పేరు మొత్తం, అక్షరం అక్షరం చూడాలి. పోయినసారి చూశాం కదా అని ఊరుకోకండి. రేపరు రంగు మారకుండానే లోపలి సరుకు మారిపోతుంది. నేను కొన్న ప్రతిసారీ చూస్తాను, మీరూ చూడాల్సిందే.

ఇంత చాదస్తం ఎందుకంటే, మనం కడిగేసిన ట్రైక్లోసాన్ మురుగునీటి శుద్ధిలో పూర్తిగా పోదు. తమిళనాడులో కావేరి, వెల్లార్, తామ్రపర్ణి నీళ్లలో అది దొరికింది. నీళ్లలో ఎండ తగిలితే అందులో కొంత ఒక రకం డయాక్సిన్‌గా (డయాక్సిన్లంటే విష రసాయనాల కుటుంబం) మారుతుంది. ట్రైక్లోసాన్ చిన్న చేపలకూ పురుగులకూ తిండి అయిన నాచును దెబ్బతీస్తుంది. ట్రైక్లోకార్బాన్ అయితే ఎక్కువగా మురుగునీటి శుద్ధిలో మిగిలే బురదకు అంటుకుంటుంది, ఆ బురదను ఎరువుగా చల్లితే పొలానికి చేరుతుంది. పోనీ మనకేమైనా లాభమా? మామూలు సబ్బు, నీళ్ల కంటే ఇవి మెరుగని కంపెనీలు చూపలేకపోయాయని 2016లో అమెరికా ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) ఈ రెండిటితో కలిపి 19 పదార్థాలను ఇళ్లలో వాడే సబ్బుల్లో, హ్యాండ్‌వాష్‌లలో వద్దంది.

4. మామూలు సబ్బు కొనండి. టీఎఫ్‌ఎం (సబ్బులో ఉండే మొత్తం కొవ్వు పదార్థం) 76 శాతం, ఆపైన ఉన్నదే కొనాలి. లిక్విడ్ వద్దు, బిళ్లే. పంపు నొక్కితే అవసరానికి మించి పడుతుంది. కుంకుడుకాయలు మేలంటారు కొందరు. తలకు నేనూ అవే వాడతాను, కానీ ‘సహజం కదా’ అని మాత్రం కాదు. ఆ రసం నేరుగా చెరువులో కలిస్తే చేపలు చస్తాయి.

5. చేతులు 20 సెకన్లు రుద్దండి, గోళ్ల కింద కూడా. సబ్బు క్రిమిని చంపకపోయినా జిడ్డుతో పాటు ఊడదీసి నీళ్లలో పంపేస్తుంది.

6. డాక్టర్ రాసిచ్చినవి, ఆపరేషన్‌కు ముందు వాడమన్నవి ముట్టుకోకండి, అవి వేరే లెక్క. మిగతా పాత సీసాలను సింక్‌లో మాత్రం వంచకండి. మూత బిగించి, తడి, పొడి చెత్తలో కలపకుండా, పాత బ్యాటరీలు, పెయింట్ డబ్బాలు ఇచ్చే ప్రమాదకర చెత్తతో పాటే ఇచ్చేయండి.