బొద్దింక మీద కాదు, పైపు మీద రాయండి: చెన్నైలో అద్దెకుండేవాళ్ల కోసం

ఇంట్లో బొద్దింకలున్నాయని ఫోన్ చేస్తే చెన్నైలో ఏ హౌస్ ఓనరైనా ముందు అనేది ఒకటే: "వంటిల్లు శుభ్రంగా పెట్టుకోండమ్మా." రెండోసారి చేస్తే "పాక్కలాం" (చూద్దాం) అంటారు. మూడోసారి ఫోన్ ఎత్తరు. ప్యారీస్ కార్నర్ దగ్గర ఒక వకీలు ఆఫీసులో నోటీసులు టైపు చేయడం నా ఉద్యోగం. మాది నెల్లూరు, కాపురం విల్లివాక్కంలో, అదీ అద్దె ఇల్లే. ఈ గొడవలు పగలు ఆఫీసులో చూస్తాను, సాయంత్రం ఇంట్లో పడతాను.

నేను చెప్పేది ఒకటే సంగతి. పురుగు మీద ఫిర్యాదు చేయకండి, ఆ పురుగు లోపలికొస్తున్న దారి మీద చేయండి.

ఎందుకంటారా? తమిళనాడులో అద్దెలకి కొత్త చట్టం 2017లో చేశారు. 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది, 1960 నాటి పాత చట్టం పోయింది. ఏ రిపేరు ఎవరు చేయించాలో దీని రెండో షెడ్యూలులో జాబితా ఇచ్చారు. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, సున్నాలు, తలుపులు కిటికీల పెయింటు, అవసరమైతే పైపులు మార్చడం, కరెంటు వైరింగు ఇవన్నీ ఓనరువి. కొళాయి వాషర్లు, డ్రెయిన్ శుభ్రం చేయించడం, వాష్ బేసిన్, గీజర్, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు మనవి. దోమల జాలీలు మార్చుకోవడం కూడా మన వంతే! మొత్తం జాబితా వెతికినా బొద్దింక, ఎలుక, చెదలు అన్న మాటే కనబడదు. అందుకే "పెస్ట్ కంట్రోల్ చేయించండి" అని ఓనరుకి ఎన్ని ఉత్తరాలు రాసినా ఆయన నింపాదిగా కూర్చుంటాడు. "పైపు పగిలింది, గోడకి కంత పడింది" అని రాస్తే సంగతి వేరు. అది జాబితాలో ఉన్న పని.

కాబట్టి ముందు ఇంట్లో దిగిన అతిథి ఎవరో చూసుకోవాలి. బొద్దింకల్లో మన ఇళ్లల్లో తిరిగేవి ముఖ్యంగా రెండు రకాలు. బొటనవేలంత పొడుగు, ఎరుపు కలిసిన గోధుమరంగు, రాత్రి బాత్రూం లైటు వేయగానే జాలీలోంచి పైకొచ్చేవి ఒక రకం. అవి మురుగు పైపుల్లో, చాంబర్లలో పెరుగుతాయి. మీ వంటింటి శుభ్రతకీ వాటికీ పెద్దగా సంబంధం లేదు. రెండో రకం చిన్నవి, లేత గోధుమరంగు, తల వెనక రెండు నల్లటి చారలు. అవి క్యాబినెట్ బందుల సందుల్లో, ఫ్రిజ్ వెనక వేడి దగ్గర కాపురం పెడతాయి. ఆడది గుడ్ల సంచిని పొదిగేదాకా తనతోనే మోస్తుంది, ఒక్కో సంచిలో 30, 40 గుడ్లుంటాయి. కిరాణా సరుకుల అట్టపెట్టెల్లోనో పాత మిక్సీలోనో మన వెంటే వస్తాయి కాబట్టి, వీటిని ఓనరు నెత్తిన రుద్దడం కష్టం. మీరు చేరిన వారంలోనే కనబడితే మాత్రం ఆ రోజే ఫోటో తీసి పంపండి. అప్పుడు అవి మీకంటే ముందు నుంచే అక్కడున్నాయని చెప్పుకోవచ్చు.

మా ఇంట్లో పెద్దవి. రాత్రి పదకొండు దాటాక వంటింట్లో లైటు తీసేసి, కాసేపాగి ఫోన్ టార్చి సింకు కింద వేశాను. డ్రైనేజీ పైపు గోడలోకి దూరేచోట సిమెంటు పెళ్లలుగా ఊడిపోయి ఉంది. ఆ సందులోంచి మీసాలు రెండు ముందు బయటికొచ్చాయి, తర్వాత తల వచ్చింది. పైపు జాయింటు చుట్టూ తడి. వేలితో తాకితే జిడ్డు. ఆ వీడియో అర నిమిషం కూడా లేదు, కానీ తర్వాత జరిగిన వాదనంతటికీ అదే ఆధారమైంది. తీసేటప్పుడు పురుగుని దగ్గరగా చూపించి ఊరుకోకండి. పక్కన ఒక స్కేలో అగ్గిపెట్టో పెట్టి తీయండి, పురుగు, సందు, అదీ ఒకే ఫ్రేములో రావాలి.

ఎలుకలైతే కంతలు వెతకండి: ఏసీ పైపు పోయే రంధ్రం, వంటింటి ఎగ్జాస్టు, తలుపు కింద ఖాళీ. గ్రౌండ్ ఫ్లోరైతే పందికొక్కులు పునాది పక్కన మట్టి తోడి పోస్తాయి. అది పూర్తిగా కట్టడం సమస్య. వానాకాలంలో, అంటే ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వచ్చే ప్రమాదం ఉంటుంది. ఆ మాట ఉత్తరంలో తప్పకుండా రాయండి. చెదలు పడితే మీకు బలమైన కేసే. ద్వారబంధం మీద మట్టి గీతలు పాకుతున్నాయంటే అది ఓనరు ఆస్తి కరిగిపోవడమే, చాలామంది ఓనర్లు ఒక్క దీనికి మాత్రం పరిగెత్తుకొస్తారు. నల్లులు మాత్రం మంచాలతోనో, ఊరి నుంచి తెచ్చిన పరుపులతోనో వస్తాయి. వాటి మీద ఓనరుతో పోట్లాడి గెలిచినవాళ్లని నేను చూడలేదు. మీ డబ్బు పెట్టి చేయించేసుకోండి.

ఇక అగ్రిమెంటు తీసి చూడండి. చట్టంలోని రిపేర్ల జాబితా, రాతపూర్వకంగా వేరే ఒప్పందం లేకపోతేనే వర్తిస్తుంది. "పెస్ట్ కంట్రోల్ సహా అన్ని రిపేర్లు టెనెంట్‌వే" అన్న లైను చాలా అగ్రిమెంట్లలో మూడో పేజీలో నక్కి ఉంటుంది. మా ఆఫీసులో నేనే ఎన్నో టైపు చేశాను, ఏం చేయను, ఉద్యోగం. సంతకం పెట్టకముందు చూస్తే కొట్టేయించుకోవచ్చు, పెట్టాక వాదించడం కష్టం. ఇంకొకటి, ప్రభుత్వ టెనెన్సీ పోర్టల్‌లో అగ్రిమెంటు నమోదు చేయించి రిజిస్ట్రేషన్ నంబరు తీసుకున్నారా? ఈ చట్టం కింద అద్దె తగాదాలు చూసే అధికారి, అంటే రెంట్ అథారిటీ దగ్గరికి వెళ్తే మొదట అడిగేది అదే. ప్రభుత్వ భవనాలు, కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చే క్వార్టర్లు లాంటివి ఈ చట్టం కిందకి రావు.

తర్వాత ఉత్తరం. ఓనరు తమిళాయనైతే తమిళంలోనో ఇంగ్లీషులోనో రాయించండి. సారాంశం ఇలా ఉండాలి:

"మీ ఇంటి మొదటి అంతస్తులో నేను అద్దెకుంటున్నాను. వంటింటి సింకు కింద డ్రైనేజీ పైపు గోడలోకి పోయేచోట సిమెంటు ఊడి, రెండు వేళ్లు పట్టేంత సందు ఏర్పడింది. జాయింటు దగ్గర నీరు కారుతోంది. ఆ సందులోంచి రోజూ రాత్రి బొద్దింకలు వస్తున్నాయి. ఫలానా తేదీల్లో వాట్సాప్‌లో మీకు తెలియజేశాను. ఫోటోలు జతచేశాను. పైపు మార్చడం, గోడ పూడ్చడం యజమాని చేయించాల్సిన పనులు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా చేయించగలరు. చేయించకపోతే మీరు నిరాకరించినట్టు భావించి, నేనే చేయించి, బిల్లుల ప్రకారం ఖర్చును అద్దెలోంచి మినహాయించుకుంటాను."

చివరి రెండు వాక్యాలు ఉత్తరానికి ప్రాణం. మినహాయించుకునే హక్కు ఓనరు "నిరాకరిస్తే" వస్తుందని చట్టం అంటుంది. మన ఓనర్లు నిరాకరించరు కదా, "రేపు మనిషిని పంపిస్తా" అంటూనే ఉంటారు. ఆ రేపుకి ఒక తేదీ వేయడమే గడువు పని. 15 రోజులనేది నేను రాసే లెక్క. మురుగు వెనక్కి తన్నుతుంటే మూడు రోజులే రాస్తాను. ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ అయినట్టు వచ్చిన వివరం దాచుకోండి. అదే కాపీ వాట్సాప్‌లో కూడా పెట్టండి. వాట్సాప్ మెసేజీలు కోర్టులో చూపించాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, ఆ పని వకీలు చూసుకుంటాడు. మీరు చేయాల్సింది ఆ చాట్ డిలీట్ చేయకుండా, ఫోన్ మార్చినా బ్యాకప్ ఉంచుకోవడం.

గడువు దాటాక, కనీసం ఇద్దరు ప్లంబర్ల దగ్గర అంచనా రాయించుకుని ఓనరుకి పంపండి. పని చేయించి, బిల్లు మీద ఏ పని చేశారో వివరంగా రాయించండి. "ప్లంబింగ్ వర్క్" అని ఒక్క ముక్క రాసిచ్చే బిల్లు ఎందుకూ పనికిరాదు. ఏ నెలలోనైనా అద్దెలో సగానికి మించి కోసుకోకూడదు. అద్దె 16,000, పైపు పనికి 11,500 అయిందనుకోండి. మొదటి నెల 8,000 తగ్గించి 8,000 కట్టాలి, మిగిలిన 3,500 తర్వాతి నెలలో తగ్గించుకోవాలి. ఇల్లు అసలు ఉండటానికే పనికిరాని స్థితిలో ఉండి, రాసినా ఓనరు బాగుచేయించకపోతే, రాతపూర్వకంగా నోటీసిచ్చి ఖాళీ చేసే హక్కు కూడా ఈ చట్టంలో ఉంది.

అద్దె మొత్తం ఆపేయడం మాత్రం వద్దు. కోపంలో చాలామంది చేసేదిదే. రెండు నెలల బాకీ పడితే ఖాళీ చేయించడానికి అదే ఓనరుకి కారణమవుతుంది, అప్పుడు బొద్దింకల మాట ఎవరూ ఎత్తరు. "అడ్వాన్సులో చూసుకుందాం లేమ్మా" అని ఓనరే అన్నా రాసివ్వమనండి. మీరు గట్టిగా అడిగినందుకు నీళ్లో కరెంటో ఆపితే అది నేరుగా రెంట్ అథారిటీకి రాయాల్సిన విషయం. అక్కడ డిప్యూటీ కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి ఉంటారు. వకీలుకి డబ్బు లేదని ఆగిపోకండి, 15100కి ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయం గురించి చెబుతారు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆ సహాయం అందుతుంది. ఈ సంగతి మా ఆఫీసుకొచ్చేవాళ్లలో చాలామందికి తెలియదు.

కొన్ని సమస్యలు ఓనరు చేతిలో కూడా ఉండవు. అపార్టుమెంటు చాంబరు నుంచి వస్తే అది అసోసియేషన్ పని, కానీ మనం సభ్యులం కాదు కాబట్టి ఓనరు చేతే వాళ్లకి రాయించాలి. వీధి మురుగు పొంగుతుంటే మెట్రో వాటర్ వాళ్ల 1916కి ఫోన్ చేయండి. దోమలు, చెత్త, పక్క ఖాళీ స్థలంలో నిలిచిన నీళ్లు అయితే కార్పొరేషన్ 1913కి. ఫిర్యాదు నంబరు రాసుకుని, అదీ ఓనరుకి పంపండి. కార్పొరేషన్ మనుషులు వచ్చి సంపు మూత తీసి దోమల లార్వా చూశాక, నా మాటకి కదలని ఓనరు కూడా ఆ సాయంత్రానికే కదిలాడు.

మందు కొట్టించేటప్పుడు ఒక జాగ్రత్త. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో, ఇంట్లో పెట్టించిన ఎలుకల మందు విషవాయువుకి ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. వచ్చినవాళ్ల దగ్గర పెస్ట్ కంట్రోల్ లైసెన్సు ఉందా, ఏ మందు వాడుతున్నారు, ఎంతసేపు గది మూసి ఉంచాలి, ఎప్పుడు కిటికీలు తెరవాలి, ఇవన్నీ కాగితం మీద రాసివ్వమనండి. మందు పెట్టిన గదిలో ఆ రాత్రి ఏసీ వేసుకుని పడుకోవద్దు. చిన్న బొద్దింకలకి జెల్ మందు చుక్కలు బాగా పనిచేస్తాయి, కానీ వాటి పక్కనే స్ప్రే కొడితే పురుగులు ఆ చుక్కల జోలికి రావు. గుడ్లు పొదిగాక మళ్లీ పెట్టాలి కాబట్టి రెండో విజిట్ కూడా ధరలోనే కలిపి మాట్లాడండి. డబ్బు తీసుకుని రెండోసారి రాకపోతే అది వినియోగదారుల కేసు, 1915కి చెప్పండి.

బెంగళూరులో ఉన్న మా తమ్ముడు "అక్కా, ఆ ఉత్తరం నాకూ పంపు" అన్నాడు. అక్కడికి అది యథాతథంగా కుదరదు. కర్ణాటక 1999 అద్దె చట్టం బెంగళూరులో నెలకి 3,500 దాటిన అద్దెలకి వర్తించదు, ఇప్పుడు ఆ అద్దెకి ఏ ఇల్లొస్తుంది? కాబట్టి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, చేతిలో ఉన్న అగ్రిమెంటు, ఈ రెండే దిక్కు. దాని 108వ సెక్షన్‌లో కూడా నోటీసిచ్చాక ఓనరు సకాలంలో చేయించకపోతే మనమే చేయించుకుని అద్దెలో తగ్గించుకోవచ్చని ఉంది, కానీ అది ఓనరు బాధ్యత అయిన రిపేర్లకే. ఆ బాధ్యత అగ్రిమెంటులో రాసి లేకపోతే ఆ సెక్షన్‌తో పెద్దగా ఒరిగేది లేదు. అక్కడుండేవాళ్లు "పైపులు, కట్టడం, చెదలు ఓనరువి" అన్న లైను సంతకం ముందే వేయించుకోండి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు పేచీ వస్తుంది. చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అద్దె దాటకూడదు, కానీ అగ్రిమెంటులో ఎక్కువ రాసుకుంటే అదే చెల్లుతుంది. తిరిగివ్వాల్సింది నెల లోపు. "మీ వల్లే చెదలు పట్టాయి, తలుపు ఖర్చు పట్టుకుంటా" అన్న మాట అప్పుడే బయటికొస్తుంది. చేరిన రోజు వీడియో, మీరు పంపిన ఉత్తరాలు, పోస్టు రసీదులు, ప్లంబరు బిల్లులు ఒకే ఫైల్లో పెట్టి, తాళాలు ఇచ్చే రోజున వెంట తీసుకెళ్లండి. తాళాలు అందాయని ఓనరు చేత సంతకం పెట్టించుకున్నాకే బండి ఎక్కండి.