చేతి కొలతని కాగితం మీద పెట్టండి

బెంగళూరు మారతహళ్లిలో మొదట్లో ఒక్కదాన్నే కందిపొడి, కారప్పొడి చేసి అమ్మేదాన్ని. ఆర్డర్లు పెరిగి సాయానికి ఇద్దరిని పెట్టుకుంటే రుచి మారిపోయింది. తప్పు వాళ్లది కాదు, కొలతలన్నీ నా చేతిలోనే ఉండిపోయాయి. అందుకే మనిషిని పెట్టుకునే ముందు ఓ వారం మీ పని మీరే తూకం వేసి రాసుకోండి. కిలో కందిపప్పుకి ఎండుమిర్చి ఎన్ని గ్రాములు, జీలకర్ర ఎంత, పప్పు ఏ రంగుకి వచ్చేదాకా వేయించాలి, అన్నీ. "కాస్త ఉప్పు" అని మాత్రం రాయొద్దు. నా కాగితం పొయ్యి పక్క గోడకే అంటించి ఉంటుంది.

ఇంకోటి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం చేసే నమోదు, ఉచితం, ఎవరికీ డబ్బు కట్టకండి. హైదరాబాద్‌కి పార్సిళ్లు పంపాలంటే ముందే జీఎస్‌టీ నంబరు తీసుకోండి. ఏడాది అమ్మకాలు 40 లక్షల లోపుంటే జీఎస్‌టీ నమోదు అక్కర్లేదన్న మినహాయింపు, ఇలాంటి సరుకు రాష్ట్రం దాటితే వర్తించదు.