రెండు విదేశీ భాషలు కలగాపులగం అవుతున్నాయా? మధ్యలో ఏముందో చూడండి

జర్మన్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. అంతకుముందు ఫ్రెంచ్ నేర్చుకున్నాను, మధ్యలో జపనీస్ ఎన్4 (ఐదు మెట్ల జపనీస్ పరీక్షలో కింది నుంచి రెండోది) దాకా వెళ్ళి ఆగిపోయాను. ఈమధ్య బ్యాచ్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది జర్మన్‌తో పాటు ఫ్రెంచ్ కూడా ఎత్తుకుంటున్నారు. జర్మనీలో ఆస్‌బిల్డుంగ్ (జీతమిస్తూ పని నేర్పే శిక్షణ) దొరక్కపోతే కెనడా అని లెక్క. ఫ్రెంచ్‌లో ఎన్‌సీఎల్‌సీ 7 (కెనడా వాళ్ళ ఫ్రెంచ్ కొలతలో ఏడో స్థాయి) తెచ్చుకుంటే కెనడా పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, అదనపు పాయింట్లు వస్తాయి కాబట్టి ఆ లెక్క తప్పని నేనూ అనను. మూడో వారం తిరిగేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట: "సార్, రెండూ కలిసిపోతున్నాయి."

సమస్య: ఏ వాక్యం మొదలుపెట్టినా సగం ఇది, సగం అది

ఏ భాషలో ఏ లెవెల్‌లో ఉన్నారు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఏ యాప్ మంచిది, ఏ ఛానెల్ చూడాలి అని అడుగుతారు. రెండూ ఏ1లో (యూరప్ కొలతలో మొట్టమొదటి మెట్టు, ఆ తర్వాత ఏ2, బీ1) ఉంటే, రెండూ ఒకే నెలలో మొదలుపెట్టి ఉంటే ఇక వెతకాల్సిన పని లేదు, కారణం అదే. ఒక భాషకి ఇంకా గోడలు లేవలేదు, ఇంకోదానికి పునాది తవ్వుతున్నారు. మట్టి అటూ ఇటూ పడుతుంది.

ఒకటి ఆపండి. మానేయమనట్లేదు, ఆపమంటున్నాను. రెండిట్లో ఏ పరీక్ష ముందుందో ఆ భాషని ఏ2 దాటించి, బీ1లో కాలు పెట్టాక రెండోది తీయండి. ఈ మాట చెప్తే పదిమందిలో ఎనిమిదిమంది మొహం మాడ్చుకుంటారు. ఆరు నెలల తర్వాత వాళ్ళే వచ్చి మళ్ళీ ఏ1లో కూర్చుంటారు.

సమస్య: లెవెల్స్ వేరువేరే, అయినా 'కానీ', 'ఎందుకంటే' లాంటి చిన్న మాటలు పక్క భాషలోంచి దూరుతున్నాయి

నన్ను బాగా ముంచింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

నేను ఫ్రెంచ్ బీ1 పూర్తి చేసిన చాలా కాలానికి జర్మన్ పట్టుకున్నాను. అంటే పైన చెప్పిన జాగ్రత్త పాటించినట్టే. జర్మన్ బీ1 స్పీకింగ్ పరీక్షలో మొదటి భాగం ఇద్దరు కలిసి ఏదైనా ప్లాన్ చేయడం. మాకు వీడ్కోలు పార్టీ వచ్చింది. నా జోడీ కేరళ నుంచి వచ్చిన నర్సు. ఆమె శనివారం అంది. నేను శనివారం కుదరదని జర్మన్‌లో శుభ్రంగా చెప్పి, ఎందుకంటే అనాల్సిన చోట 'పార్స్ క' అన్నాను. అది ఫ్రెంచ్. ఆమె కళ్ళు పెద్దవి చేసి, చిన్నగా "వైల్?" అని అందించింది. సరిచేసుకుని ముందుకెళ్ళి, రెండు నిమిషాల్లో జర్మన్ 'ఆబర్' (కానీ) బదులు ఫ్రెంచ్ 'మే' అన్నాను. పాస్ అయితే అయ్యాను గానీ బయటికొచ్చాక ఆమె మొహం చూడలేకపోయాను.

టెన్షన్ వల్ల అనుకున్నాను. తర్వాత జర్మన్‌కి నీలం నోట్‌బుక్, ఫ్రెంచ్‌కి ఎర్రది పెట్టాను. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి చదివాను. కుర్చీ కూడా మార్చాను, నవ్వకండి. ఏమీ మారలేదు. ఒకరోజు ఆంకీలో (మాటలు గుర్తుపెట్టించే ఫ్లాష్‌కార్డుల యాప్) కార్డులు సర్దుతుంటే కనబడింది. జర్మన్ డెక్‌లో, అంటే కార్డుల కట్టలో, ఒక కార్డు ముందువైపు 'బికాజ్' అని ఇంగ్లిష్‌లో ఉంది, వెనక 'వైల్'. ఫ్రెంచ్ డెక్‌లోనూ ముందువైపు 'బికాజ్', వెనక 'పార్స్ క'. 'బట్', 'ఆల్‌రెడీ', 'ఆల్సో', అన్నీ అంతే. ఒకే ప్రశ్నకి రెండు జవాబులు నేనే రోజూ బట్టీ పట్టిస్తూ వచ్చాను. పరీక్షలో తల లోపల 'బికాజ్' అనే గంట మోగింది, దానికి ముందు అలవాటైన జవాబు పరిగెత్తుకొచ్చింది. తప్పు దానిది కాదు.

ఇప్పుడు మీ నోట్‌బుక్ తెరవండి. స్కేలుతో రెండు గీతలు కొట్టి ఎడమ జర్మన్, మధ్యలో ఇంగ్లిష్, కుడివైపు ఫ్రెంచ్ రాసిన పేజీ ఉందా? నేను చూసిన మూడొంతుల మంది దగ్గర ఉంది, అదీ ముత్యాల్లాంటి అక్షరాలతో. ఆ పేజీయే మీ జబ్బు. నామవాచకాల దగ్గర అంతగా నష్టం ఉండదు, బొమ్మో వస్తువో గుర్తొచ్చి కాపాడుతుంది. 'కానీ'కి బొమ్మ ఉండదు, అందుకే అవే ముందు జారిపోతాయి.

మీకు ఇదే ఉందో లేదో పది సెకన్లలో తేలుతుంది. "నాకు నచ్చింది కానీ ఈరోజు టైమ్ లేదు" అని ఎవరితోనైనా తెలుగులో అనిపించుకుని, వెంటనే జర్మన్‌లో చెప్పండి. మధ్యలో ఇంగ్లిష్ వాక్యం ఒక్క క్షణమైనా మెదిలిందా? మెదిలితే కారణం దొరికినట్టే.

దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది, అది మన తెలుగువాళ్ళకే. 'నాకు చలిగా ఉంది' అనడానికి జర్మన్‌లో 'మియర్ ఇస్ట్ కాల్ట్' అంటారు, 'మియర్' అంటే నాకు. అచ్చం మన వాక్యమే. ఇంగ్లిష్ మీదుగా వచ్చినవాడు 'ఇష్ బిన్ కాల్ట్' అంటాడు. దానికి మనసు లేని మనిషిననే అర్థం వస్తుంది. 'దస్ గెఫెల్ట్ మియర్' అంటే అది నాకు నచ్చింది. ఫ్రెంచ్‌లో 'స మ ప్లే' కూడా అదే పద్ధతి, 'ఇల్ మ ఫో' అంటే నాకు కావాలి. 'వైల్' వాక్యంలో క్రియ చివరికి పోతుందని విన్నప్పుడు క్లాసంతా నిట్టూరుస్తుంది. 'ఈరోజు నాకు టైమ్ లేదు కాబట్టి' అని పుట్టినప్పటి నుంచీ క్రియని చివరికి తోసేవాళ్ళం మనమే కదా! జపనీస్‌లో అయితే ఇది మరీ ఎక్కువ. 'తబెతె మిరు' అంటే మాటకి మాట 'తిని చూడు'. ఎవరో ఏదో అన్నారని చెప్పేటప్పుడు వాళ్ళ 'తో' మన 'అని' చేసే పనే చేస్తుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళకి జపనీస్‌కి 2,200 క్లాసు గంటలు పడుతుందని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ లెక్క, ఫ్రెంచ్‌కి అందులో మూడోవంతు చాలు. కంజీ (చైనా నుంచి వచ్చిన జపనీస్ అక్షరాలు) అందరికీ ఒకటే గానీ, వాక్యం కట్టడంలో వాళ్ళు పడే కష్టం మనం కూడా అరువు తెచ్చుకుని పడుతున్నాం.

పరిష్కారం అనగానే రెండు డెక్‌లలోనూ ఇంగ్లిష్ తీసి తెలుగు పెట్టేయకండి. నేను పెట్టాను. పదిహేను రోజులకి 'బికాజ్' బదులు 'ఎందుకంటే' అనే గంట మోగడం మొదలైంది, పరిగెత్తుకొచ్చే జవాబు మళ్ళీ అదే. రెండు దారులూ ఒకే చౌరస్తాలో కలవకూడదు. పనిచేసింది ఇది: గట్టిగా ఉన్న భాషకి అసలు వేరే భాష వంతెన వద్దు. దాని కార్డుకి ముందువైపు ఆ భాషలోనే ఖాళీ ఉన్న వాక్యం పెట్టండి. బలహీనంగా ఉన్న భాషకి మాత్రం తెలుగు వాక్యం. మాట కాదు, వాక్యం. మొదటి భాష బీ1 దగ్గరికి రాకపోతే దాన్ని వంతెన లేకుండా నడిపించలేరు. లెవెల్ ప్రశ్న ముందు అడిగేది అందుకే.

చిన్న మాటలు పన్నెండో పదిహేనో ఉంటాయి. వాటిని విడిగా ముట్టుకోవద్దు, పక్కన ఉండే మాటతో కలిపి నోటికి ఎక్కించండి. జర్మన్‌లో 'ఆబర్ లైడర్' (కానీ దురదృష్టవశాత్తూ) అని కలిపి అలవాటైతే 'ఆబర్' వెనక 'లైడర్' దానంతట అదే వస్తుంది. ఫ్రెంచ్‌లో 'వీ, మే' (అవును, కానీ) అని కలిపి. రోజూ పది నిమిషాలు, పైకి, గొంతెత్తి. నాకు మూడు వారాలు పట్టింది. తగ్గాక, ఒకే సంగతి (నిన్న బస్సు మిస్సవడం చాలు) ముందు ఒక భాషలో చెప్పి, ఐదు నిమిషాలు ఆగి రెండోదాంట్లో చెప్పండి. ఈ సాధన ముందే మొదలుపెడితే ఉన్న గందరగోళం గట్టిపడుతుంది.

దూరపు భాషలైతే కలవవు అంటారు కొందరు. జర్మన్ మాట్లాడుతూ జపనీస్ 'దెమొ' అన్నవాణ్ణి నేనే. అదీ 'కానీ'యే.

సమస్య: ఒకటి ముందుకెళ్తే ఇంకోటి మర్చిపోతున్నాను

గంటల్ని సగం సగం పంచి ఉంటారు. వారానికి ఏడు గంటలు దొరికితే ఐదు కొత్త భాషకి, రెండు పాతదానికి. ఆ రెండూ ఆదివారం ఒకేసారి కూర్చుని కాదు, రోజూ పదిహేను ఇరవై నిమిషాలు, కొత్త పాఠాలు లేకుండా వినడం, చదవడం మాత్రమే.

సమస్య: లింగాలు తారుమారు

జర్మన్‌లో సూర్యుడు స్త్రీలింగం, 'డీ జొన్నె'. చంద్రుడు పుంలింగం. ఫ్రెంచ్‌లో సరిగ్గా తలకిందులు: 'ల సొలేయ్' పుంలింగం, 'లా ల్యూన్' స్త్రీలింగం. మనకేమో ఇద్దరూ మగవాళ్ళే. ఇవి పక్కపక్కన పట్టికలో రాస్తే జన్మలో విడిపోవు. జబ్బు అని చెప్పిన ఆ పేజీ ఇంకా ఉంచారా? ఆర్టికల్ లేకుండా మాట రాయకండి, అంతే.

సమస్య: చదివేటప్పుడు ఉచ్చారణ పక్కదారి పడుతోంది

అక్షరాలు అవే, శబ్దాలు వేరు. జర్మన్ 'జే' అక్షరం 'య' పలుకుతుంది, ఫ్రెంచ్‌లో వేరే. జర్మన్ 'జెడ్' అంటే 'త్స'. మొదటి రెండు వారాలు పక్కన తెలుగులో రాసుకోండి. చాలామంది టీచర్లు తిడతారు, నేను తిట్టను. 'య', 'త్స' మన లిపిలో ఉన్నంత తేటగా ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఉండవు. పెదాలు గుండ్రంగా పెట్టి 'ఈ' అనే శబ్దానికి మాత్రం మన దగ్గర అక్షరం లేదు, అది చెవితోనే.

మిగతావి

స్పానిష్, ఇటాలియన్ కలిపి నేర్చుకుంటే చుట్టాల్లాంటి మాటలతో తంటా. 'సలీర్' స్పానిష్‌లో బయటికెళ్ళడం, 'సలీరె' ఇటాలియన్‌లో పైకెక్కడం. అలాంటి ముప్పై నలభై మాటల్ని వాక్యాల్లో పెట్టి నేర్చుకుంటే చాలు. వయసైపోయింది, జ్ఞాపకశక్తి లేదు, భాషల టాలెంట్ లేదు అనేవి తొమ్మిదేళ్ళలో ఒకరిద్దరి విషయంలో నిజమేమో. మీరు ఆ ఒకరిద్దరిలో ఉన్నామని తేల్చుకునే ముందు ఆ మూడు గడుల పేజీ ఒకసారి నాకు ఫొటో తీసి చూపించండి.