ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ రీసెట్ చేయించే ముందు అందులోంచి క్రాష్ డేటా తీయించుకోండి

"అన్నా, కొత్త మాడ్యూల్ ఎందుకు, ఇదే రీసెట్ కొట్టించి ఇస్తా, డబ్బులు మిగుల్తాయి." పాకాల దగ్గర మా బావ కారు లారీని గుద్దినప్పుడు గ్యారేజీలో మాతో అన్న మాట ఇది. మేము సరే అన్నాం. తర్వాత లారీ తరఫు వకీలు మా బావ వంద మీద వచ్చాడని వాదిస్తే, కాదని చూపించడానికి మా చేతిలో ఏమీ లేదు. ఎంత స్పీడులో ఉన్నాడు, బ్రేకు ఎప్పుడు తొక్కాడు అన్నది ఆ మాడ్యూల్‌లోనే ఉండింది. రీసెట్ అంటే దాన్ని తుడిచేయడమేనని మాకు అప్పటికి తెలీదు.

ప్రమాదం జరిగిన క్షణాల లెక్కలు రాసుకునే దాన్ని ఈవెంట్ డేటా రికార్డర్ అంటారు, దానికి కార్లో విడిగా పెట్టె ఏమీ ఉండదు. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరవాలో చూసుకునే ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ మాడ్యూల్ మెమరీలో అదొక భాగం. మాడ్యూల్ చాలా కార్లలో సెంటర్ కన్సోల్ కింద, గేర్ రాడ్డు దగ్గర్లో ఫ్లోరుకి బోల్టులతో బిగించి ఉంటుంది, సైజు అరచేయంత. విమానాల బ్లాక్‌బాక్స్ లాంటిదనుకుని మాటలు, వీడియో వస్తాయని ఆశపడొద్దు, లొకేషన్, తేదీ, టైము కూడా మామూలుగా ఉండవు. అమెరికా రూల్ ప్రకారం చేసిన వాటిలో గుద్దుకోకముందు 5 సెకన్ల పాటు అరసెకనుకోసారి స్పీడు, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, బ్రేకు తొక్కారా లేదా అన్నవి ఉంటాయి. డ్రైవర్ బెల్టు పెట్టుకున్నాడా, ఎయిర్‌బ్యాగ్ ఎన్ని మిల్లీసెకన్లకు తెరుచుకుంది, దెబ్బకి స్పీడు ఎంత పడిపోయింది అన్నవీ ఉంటాయి. ఈ 5 సెకన్లను 20కి పెంచుతూ 2024 డిసెంబరులో అక్కడ రూల్ మార్చారు. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ రికార్డర్ తప్పనిసరి. మన దగ్గర అమ్మిన ప్రతి కారులోనూ ఇది ఉంటుందని గానీ, ఉన్నా డేటా తీసే బయటి పరికరంతో (కిట్‌తో) చదవొచ్చని గానీ అనుకోవద్దు. మోడలు, తయారైన సంవత్సరం, 17 అక్షరాల ఛాసిస్ నంబరు పెట్టుకుని కిట్ సపోర్ట్ లిస్టులో ముందే చూడాలి.

ఇక చేయాల్సిన మొదటి పని, ఇగ్నిషన్ ముట్టుకోకపోవడం. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ రికార్డు లాక్ అయిపోతుంది. తెరుచుకోకపోయినా 150 మిల్లీసెకన్లలో స్పీడు 8 కిలోమీటర్లు మారితే మాడ్యూల్ దాన్నీ రాసుకుంటుంది, కానీ అది లాక్ కాదు. బండి తిప్పుతూ ఉంటే, ఇంకో గుంతలోనో రాయి మీదో గట్టి దెబ్బ తగిలితే పాతది పోతుంది. కాబట్టి కారుని నడుపుకుంటూ గ్యారేజీకి తీసుకురావొద్దు, రికవరీ వ్యాను మీద ఎక్కించండి.

కేసు నమోదైతే బండి మీదే అయినా ముట్టుకోకండి. అది స్టేషన్ ఆవరణలో ఉండగా మాడ్యూల్ విప్పితే, మీరే డేటా మార్చారంటారు. స్టేషన్ ఎస్.ఐ. గారికి ఒక అర్జీ రాసి రసీదు తీసుకోండి. అందులో బండి నంబరు, ఛాసిస్ నంబరు వేసి, "ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌ను తొలగించకుండా, రీసెట్ చేయకుండా భద్రపరచి, అందులోని ప్రమాద సమాచారాన్ని నిపుణుల ద్వారా తీయించవలసిందిగా కోరుతున్నాను" అని రాస్తే చాలు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూడ్డానికి వచ్చిన రోజు మీరూ అక్కడుండి ఆయనకీ ఒక కాపీ ఇవ్వండి. అక్కడ కదలకపోతే వకీలు ద్వారా కోర్టులో పిటిషన్ వేయొచ్చు.

మామూలు గ్యారేజీ స్కానర్‌తో ఈ పని కాదు, అది ఫాల్ట్ కోడ్‌లు చదువుతుంది, చెరుపుతుంది, అంతే. చాలా కంపెనీల కార్లకి బాష్ వాళ్ళ సీడీఆర్ (క్రాష్ డేటా రిట్రీవల్) కిట్ వాడతారు, హ్యుందాయ్, కియా, టెస్లా కార్లకి వేరే కిట్లున్నాయి. కిట్ ఉన్న మనిషి దొరక్కపోతే షోరూమ్ ద్వారా తయారీ కంపెనీకే లెటర్ పెట్టండి.

కరెంటు సరిగ్గా ఉంటే పని సులువు. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టుకి కేబుల్ పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఒక్కసారి ఆన్ చేస్తే డౌన్‌లోడ్ అయిపోతుంది. ముందుభాగం నుజ్జయి బ్యాటరీ పోయిందంటే ఫ్యూజ్ బాక్సు నుంచి 12 వోల్టులు ఇవ్వాలి, పక్కనే ఉంది కదా అని లారీ 24 వోల్టులు మాత్రం తగిలించొద్దు. అదీ కుదరకపోతే మాడ్యూల్ బయటికి తీసి నేరుగా దానికే కేబుల్ పెడతారు. తీసేముందు బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగాలి, ఎందుకంటే లోపల కెపాసిటర్లో మిగిలిన కరెంటుకి తెరుచుకోని ఎయిర్‌బ్యాగ్ పేలొచ్చు. పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లని గుర్తు. బల్ల మీద కరెంటు ఇచ్చాక మాడ్యూల్‌ని కదపకూడదు, తిప్పకూడదు, కదిలిస్తే దాన్నే ఇంకో ప్రమాదంగా రాసుకునే ప్రమాదముంది. పనిచేస్తుందో లేదో చూద్దామని వేరే కారుకి బిగించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. విప్పే ప్రతి దశా వీడియో తీయండి, ఓడోమీటరు, ఛాసిస్ నంబరు, మాడ్యూల్ మీది పార్టు నంబరు అన్నీ అందులో కనిపించాలి.

రిపోర్టు చేతికొచ్చాక అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు నమ్మకండి. ఉదాహరణకి గుద్దడానికి ఒకటిన్నర సెకను ముందు స్పీడు 71, బ్రేకు ఆఫ్. ఒక సెకను ముందు 64, బ్రేకు ఆన్. అరసెకను ముందు 41 అని ఉందనుకోండి. 64 నుంచి 41 అంటే అరసెకనులో 23 తగ్గింది. ఎండిన తారు రోడ్డు మీద ఎంత గట్టిగా తొక్కినా అరసెకనులో మామూలు కారుకి తగ్గేది 14, 15 దాకానే. అంటే ఇక్కడ తగ్గింది చక్రం వేగం, కారు వేగం కాదు. టైరు జారుతోంది, కారు 41 కన్నా ఎక్కువలోనే పోతోంది. ఈ 41ని పట్టుకుని "మెల్లగానే వచ్చాడు" అని వాదిస్తే అవతలి నిపుణుడు నిమిషంలో కొట్టేస్తాడు. కంపెనీ సైజు కాకుండా వేరే టైర్లు వేయించి ఉంటే ఆ సంగతీ ముందే చెప్పండి, స్పీడు లెక్క మారుతుంది.

ఈ డేటాలో టైము ఉండదు కాబట్టి పక్కన ఇంకో ఆధారం కావాలి. చిత్తూరు రోడ్డు మీదైతే గాదంకి టోల్‌ప్లాజా కెమెరాలు, దారిలో హోటళ్ళు, పెట్రోలు బంకుల కెమెరాలు ఉంటాయి. వాటిలో పాత వీడియో మీద కొత్తది ఎక్కిపోతుంది, కాబట్టి మొదటి రెండు రోజుల్లోనే అడగాలి. అవతలిది బస్సో ట్యాక్సీనో అయితే అందులో ఏఐఎస్-140 ట్రాకర్ ఉండొచ్చు, 2019 నుంచి రిజిస్టరైన కొత్త ప్యాసింజర్ సర్వీసు బండ్లకి అది పెట్టాలి. దాంట్లో లొకేషన్, స్పీడు, టైము మూడూ ఉంటాయి.

కోర్టులో ఇవ్వాలంటే 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపించే కోడు, వేయాలి. కాబట్టి డౌన్‌లోడ్ చేసినాయన కదిలిపోకముందే, అక్కడే హ్యాష్ తీయించి సంతకం పెట్టించుకోండి. పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని వచ్చేయొద్దు, అసలు ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో అడగండి, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దాన్నే మళ్ళీ తెరిచి రిపోర్టు తీయొచ్చు. బండికి కొత్త మాడ్యూల్ వేయించి, పాతదాన్ని కవర్లో సీల్ చేసి, కేసు తేలేదాకా పోలీసుల దగ్గరో వకీలు దగ్గరో ఉంచండి.