రోజూ ఫోన్ ఉంది, మాటే లేదు: కువైట్–కడప కాపురాల్లో సమస్యలు, పరిష్కారాలు

కడప చుట్టుపక్కల పల్లెల్లో ఒకరు కువైట్‌లో, ఒకరు ఇంటికాడ ఉండే కాపురాలు చాలా ఉన్నాయి. కొన్ని ఇళ్లలో అక్కడికి పోయింది భార్యే. ఎవరు పోయినా ఫోన్‌లో వచ్చే చిక్కులు ఇవే.

సమస్య: మాటలన్నీ లెక్క (డబ్బు) గురించే
"లెక్క అందిందా? ఫీజు కట్టినావా? అమ్మకు మందులు తెచ్చినావా?" అంతటితో కట్.

కారణం: చాలాసార్లు ప్రేమ తగ్గి కాదు, వేళ కుదరక. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ 7 గంటలకు ఆమె సంగటి కెలుకుతుంటే అక్కడ సాయంత్రం 4:30, ఆయన డ్యూటీలో ఉంటాడు.

పరిష్కారం: లెక్కలన్నీ వాయిస్ మెసేజ్‌లో పెట్టండి. ఫోన్ మాత్రం మన రాత్రి 10కి, అంటే అక్కడ 7:30కి. ఇంటి డ్రైవర్లకు, ఇంటిపనివాళ్లకు వేళ వాళ్ల చేతిలో ఉండదు కాబట్టి టైం వాళ్లనే చెప్పనీయండి. మొదటి పది నిమిషాలు డబ్బు, అత్తమామల మాట వద్దు.

సమస్య: ఒక మాటకు పది మాటలు
"పండక్కి కూడా రాకపోతివి, అందరి ముందర ఒక్కదాన్నే నిలబడినా" అని ఆమె అంటుంది. "నేనేమన్నా ఈడ కులుకుతాండానా?" అని ఆయన.

కారణం: వింటూనే జవాబు తయారు చేసుకోవడం. ఆమె చెప్పింది బాధ, ఆయనకు వినబడింది నింద.

పరిష్కారం: హార్విల్ హెండ్రిక్స్, హెలెన్ లకెల్లీ హంట్ దంపతులు ఆలుమగల కోసం తయారు చేసిన ఇమాగో అనే కౌన్సెలింగ్ పద్ధతిలోని అభ్యాసం ఇది. ఒకరు రెండు మూడు వాక్యాలే చెప్పాలి. రెండోవారు జవాబివ్వకుండా, విన్నది తిరిగి చెప్పాలి: "పండగనాడు ఒక్కదానివే ఉండి బాధపడినావు. అంతేనా? ఇంకేమన్నా ఉందా?" ఆమె "అంతే" అన్నాకే ఆయన వంతు. ఇప్పుడు తిరిగి చెప్పేది ఆమె. తిరిగి చెబితే తప్పు ఒప్పుకున్నట్టని చాలామంది మగవాళ్లు వెనకాడతారు. కాదు, విన్నానని చెప్పడమే అది. "టికెట్‌కు డబ్బుల్లేక రాలేదు, నాకూ ఏడుపొచ్చింది" అనే మాట ఆ తర్వాతే బయటికొస్తుంది. మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, అయినా మానొద్దు.

సమస్య: టక్కున కట్ చేసి రోజుల తరబడి మౌనం
కారణం: కోపంలో గుండె దడదడలాడుతుంటే మాట చెవికెక్కదు. ఒళ్లు నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలు కావాలంటారు కాపురాల మీద పరిశోధన చేసిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్.

పరిష్కారం: "అర్ధగంటకు నేనే చేస్తా" అని చెప్పి ఫోన్ పెట్టేయండి. పెట్టినవాళ్లే తిరిగి చేయాలి.

ఈ అభ్యాసాలు పనికిరాని చోటు
"వీడియో తిప్పి ఇల్లంతా చూపియ్" అనే అనుమానం, బెదిరింపులు, సెలవుకు వచ్చినప్పుడు కొట్టడం. వీటికి మాట నేర్పు మందు కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.