క్లిప్‌లెస్ పెడళ్లు, 3వ పాఠం: మడమ తిరిగినా కాలు ఊడకపోతే

క్లిప్‌లెస్ పెడల్ అంటే షూని పట్టి ఉంచే సైకిల్ పెడల్, మడమ బయటికి తిప్పితే వదులుతుంది. పోయిన పాఠంలో షూలకి క్లీట్లు, అంటే షూ అడుగున ఉండి పెడల్‌లో ఇరుక్కునే ముక్కలు, బిగించాం. ఆ తర్వాత వచ్చిన ఫిర్యాదులన్నీ దాదాపు ఒకటే: మడమ బయటికి తిరుగుతోంది, కాలు మాత్రం ఊడట్లేదు, సిగ్నల్ దగ్గర పక్కకి పడ్డాం. వెంటనే చాలామంది పెడల్ వెనక స్క్రూ తిప్పి, క్లీటుని పట్టి ఉంచే స్ప్రింగు పూర్తిగా వదులు చేసేశారు. రోగం ఒకటి, మందు ఇంకొకటి. సీటు ఎత్తు సంగతి వచ్చే పాఠంలో చూద్దాం, ముందు ఇది తేలాలి.

షిమానో కంపెనీ ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ రకం పెడళ్ల పసుపు క్లీట్‌లో 6 డిగ్రీల ఆట ఉంటుంది, అంటే కాలు ఊడకుండానే మడమ అంత మేర తిరుగుతుంది. (నీలంలో 2, ఎరుపులో సున్నా. కొత్తవాళ్లు పసుపే వాడండి, చర్చ వద్దు.) ఆ ఆట అయిపోయాక పాదానికి గట్టిగా ఏదో తగలాలి, ఇంకాస్త తిప్పితే టక్కుమని ఊడాలి. తగిలాక మీ బలం చాలకపోతే స్ప్రింగు బిగువు. అసలేమీ తగలకుండా మడమ మెత్తగా తిరుగుతూనే పోతే స్ప్రింగు తప్పేం లేదు, క్లీటు బోల్టులు వదులు. షూ తిరుగుతోంది, క్లీటు పెడల్‌లోనే కదలకుండా కూర్చుంది. అప్పుడు స్ప్రింగు ఎంత వదిలినా సమస్య పోదు. పైగా లేచి నిలబడి తొక్కేటప్పుడు కాలు దానంతటదే జారిపోతుంది.

షూ తిరగేసి చూడండి. క్లీటు పక్కన సోలు మీద విల్లులా గీతలు పడి ఉంటే అనుమానం అక్కర్లేదు. మూడు బోల్టులూ విప్పి, మరలు తుడిచి, కాస్త గ్రీజు పూయండి. గ్రీజు లేకపోతే చెమటకీ వాన నీళ్లకీ తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, బిగువు కూడా సరిగ్గా తెలియదు. ముందుది కొంచెం, వెనక రెండూ కొంచెం, మళ్లీ ముందుది. ఇలా మూడు విడతల్లో బిగించండి. ఒకదాన్నే చివరిదాకా బిగిస్తే క్లీటు పక్కకి లాగేస్తుంది. కావాల్సిన బిగువు 5–6 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) లేనివాళ్లు 4 మి.మీ. అలెన్ కీ పొట్టి కొస బోల్టులో పెట్టి, పొడుగు కాడకి బోల్టు నుంచి 6 సెం.మీ. దూరంలో లగేజీ తూచే చేతి త్రాసు కొక్కెం తగిలించి, కాడకి అడ్డంగా 9 కిలోలు చూపేదాకా లాగండి. అచ్చంగా 5.3 వస్తుంది. బోల్టు తలలో మట్టి ఉంటే ముందు సూదితో తీయండి, లేకపోతే కీ జారి తల అరిగిపోతుంది.

చివరగా క్లీటు చుట్టూ గోళ్లరంగుతో సోలు మీద గీత గీయండి. మొదటి 30 కి.మీ. తొక్కాక మళ్లీ బిగించండి. గీత దాటి క్లీటు కనిపిస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే.

దారిలో ఇరుక్కుంటే పైకి పీకొద్దు. కరెంటు స్తంభం పట్టుకుని ఆగి, షూ పట్టీలు విప్పి పాదం బయటికి తీయండి. స్ప్రింగు స్క్రూ పూర్తిగా వదిలి, షూ మడమను రెండు చేతులతో తిప్పండి. అయినా రాకపోతే పెడల్‌నే క్రాంక్ (పెడల్ బిగించి ఉండే కడ్డీ) నుంచి విప్పాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని మరవకండి, విప్పాలంటే కుడి పెడల్ బిగించే వైపే తిప్పాలి.

పెడల్‌లో కాలు తొడగడం రెండు రోజుల్లో అదే వస్తుంది.

ఎడమ కాలు ఊడదీసి కుడి పక్కకి పడేవాళ్లకి ఒక చిట్కా: ఆగే క్షణంలో హ్యాండిల్ కొద్దిగా కుడికి తిప్పండి, సైకిల్ ఎడమకి ఒరుగుతుంది.

సాధన: గోడ పట్టుకుని ఒక్కో కాలు 50 సార్లు తొడిగి ఊడదీయండి. తర్వాత ఖాళీ మైదానంలో సుద్దగీత గీసి, గంటకి 10 కి.మీ. వేగంతో వచ్చి గీత మీద ఆగడం 40 సార్లు: 20 ఎడమ కాలితో, 20 కుడితో. కాలు గీతకి 5 మీటర్ల ముందే ఊడాలి. గీత దగ్గర ఊడితే లెక్కలోకి రాదు.